రస్సెల్ దృష్టిలో మతము, విజ్ఞానము, చర్చి

చర్చి ప్రాబల్యము సడలినచోట శాస్త్రీయదృష్టి నెలకొన్నదని తలంచుట పరిపాటి. ఆంగ్ల తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ (1872–1970) అట్లు తలంపలేదు. తత్త్వవేత్తల యెదుట తనను అజ్ఞేయవాదిగను, సామాన్యుల యెదుట నాస్తికునిగను చెప్పుకొనుట యుక్తమని భావించినవాడాయన. 1927లో లండనునందలి బాటర్సీ పురమందిరమున నుపన్యసించుచు, మతమునకు భయమే ప్రధాన మూలమనియు, ఆ భయమును జయించుటకు విజ్ఞానము తోడ్పడుననియు వాదించెను.

1935లో వెలువడిన మతవిజ్ఞానవిషయక గ్రంథమున ఆయన మతమునకు మూడంగములను గుర్తించెను: చర్చి యను సంస్థ, విశ్వాససూత్రములు, వ్యక్తిగత నీతినియమములు. శాస్త్రసిద్ధాంతము క్రొత్త సాక్ష్యము లభించినపుడు సవరణకు లోబడును; శాశ్వతసత్యమని ప్రకటింపబడిన విశ్వాససూత్రము లోబడదు. సంఘర్షణకు మూలమిదియే. 1633లో గెలీలియోచే భూచలనవాదమును నిరాకరింపజేసినది ఇట్టి నిశ్చయమే. అయినను గ్రంథాంతమున ఆయన చేసిన హెచ్చరిక వేరు: ఆలోచనాస్వాతంత్ర్యమునకు నాడు ముప్పు చర్చినుండి కాక, ప్రభుత్వములనుండి, ముఖ్యముగ జర్మనీ, రష్యాలనుండి వచ్చుచున్నదనెను.

ఇంగ్లండు, వేల్సుల జనగణనమున తాము క్రైస్తవులమన్నవారు 2001లో నూటికి 71.7, 2021లో 46.2. మతము లేదన్నవారు 14.8 నుండి 37.2కు పెరిగిరి. ఈ యంకెలు ప్రజలు తమకు చెప్పుకొన్న పేరును తెలుపును గాని, వారి యాలోచనారీతిని తెలుపవు. రస్సెల్ ఖండించినది సాక్ష్యమునకు లొంగని నిశ్చయమును. అది చర్చిని వీడి రాజ్యమును ఆశ్రయింపవచ్చును. కావున చర్చి క్షీణత విజ్ఞానవిజయమునకు కొలమానము కాజాలదు.