మండల విలేకరి ఫోన్‌లో ఎవరి గుట్టు ఉంది?

గిద్దలూరు నుంచి నల్లమల ఘాట్ దాటితే నంద్యాల. 2021 ఆగస్టు 8న అక్కడ ఈవీ5 ఛానల్ విలేకరి చెన్నకేశవులును పొడిచి చంపారు. గుట్కా వ్యాపారంతో ఒక కానిస్టేబుల్‌కున్న సంబంధాలను ఆయన బయటపెట్టాడు. ఆ కానిస్టేబుల్, అతని సోదరుడే కేసులో నిందితులు. అంతకుముందు 2014 నవంబరులో చిలకలూరిపేటలో ఆంధ్రప్రభ విలేకరి ఎం.వి.ఎన్. శంకర్‌ను, 2019 అక్టోబరులో తుని ప్రాంతంలో ఆంధ్రజ్యోతి విలేకరి కె. సత్యనారాయణను ఇలాగే పొట్టన పెట్టుకున్నారు. ముగ్గురూ చిన్న ఊళ్ల విలేకరులే. పాత్రికేయుల డిజిటల్ భద్రత అనగానే పెగసస్ నిఘా సాఫ్ట్‌వేర్, ఢిల్లీ గుర్తొస్తాయి గానీ, ఆ భద్రత అన్నిటికంటే ముందు కావలసింది మార్కాపురం, కంభం, యర్రగొండపాలెంలలో పనిచేసే కంట్రిబ్యూటర్లకు, అంటే మండల విలేకరులకు. వాళ్లకు వార్త రాయడానికీ, ఫొటో తీయడానికీ, ఇంట్లోవాళ్లతో మాట్లాడడానికీ ఉన్నది ఒకటే ఫోను.

రేషన్ బియ్యం దారి మళ్లుతోందని గోదాములో పనిచేసే ఒకరు వాట్సాప్‌లో ఫొటో పంపారనుకుందాం. విలేకరి దాన్ని అలాగే డెస్క్ గ్రూపులో పెడతాడు. మర్నాడు అచ్చయిన ఫొటో చూసి, అది వెనుక గేటు వైపు నుంచి తీసిందని, ఆ పూట అక్కడ డ్యూటీలో ఉన్నది ఫలానా మనిషేనని ఊళ్లో ఇట్టే పోల్చేస్తారు. చాట్‌లో పేరు, నంబరు ఎలాగూ ఉన్నాయి. వాట్సాప్ సందేశాన్ని దారిలో ఎవరూ చదవలేరన్నది నిజమే. తెరిచి ఉన్న ఫోను చేతికి చిక్కితే మాత్రం ఆ రక్షణ ఎందుకూ కొరగాదు. డ్రైవ్‌లోకి వెళ్లే బ్యాకప్‌కు విడిగా తాళం వేసుకోకపోతే ఆ చాట్ అక్కడా దొరుకుతుంది. అందుకే ఫోను భద్రత విలేకరి సొంత వ్యవహారం కాదు. నమ్మి సమాచారమిచ్చినవారి పట్ల అతని బాధ్యత.

మండల విలేకరి ఫోను ఎవరు వింటారులే అని కొట్టిపారేసేవాళ్లున్నారు. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో నాయకులతోపాటు పాత్రికేయుల ఫోన్లూ విన్నారన్న ఆరోపణ ఉంది. 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు వచ్చిన వెంటనే ఆ సమాచారమున్న హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది పోలీసుల అభియోగం. మండల స్థాయిలో అంత హంగామా కూడా అక్కర్లేదు, స్టేషన్‌కు పిలిచి ఫోను లాక్కుంటే చాలు. మన చట్టం ఇక్కడ విలేకరికి పెద్దగా అండగా లేదు. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం వార్త ఆధారం చెప్పమని బలవంతపెట్టరాదంటుంది, కానీ అది ఆ కౌన్సిల్ విచారణలకే పరిమితం. పోలీసులు పాత్రికేయుల పరికరాలు స్వాధీనం చేసుకోవడానికి మార్గదర్శకాలు ఉండాలని 2023 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

విలేకరి ముసుగులో వసూళ్లు చేసేవాళ్ల మాటేమిటన్న ప్రశ్న మాత్రం గట్టిది. క్వారీల దగ్గర, ఆసుపత్రుల దగ్గర మైకు పట్టుకుని బెదిరించేవాళ్ల వల్ల నిజాయితీగా పనిచేసేవాళ్లకూ మచ్చ పడుతోంది. అలాంటివాళ్లను శిక్షించాల్సిందే. అయితే బెదిరింపు రుజువు కావడానికి బాధితుడి ఫోనులోని సందేశాలు, కాల్ రికార్డులు, డబ్బు చేతులు మారిన లెక్క ఉంటాయి. అవి చాలకపోతే ఫలానా తేదీల ఫలానా సంభాషణ కావాలని మేజిస్ట్రేటును అడగవచ్చు. ఒక్క ఫిర్యాదు సాకుతో పదేళ్ల చాట్లన్నీ తవ్వడం దర్యాప్తు కాదు.

పాత్రికేయుల ఫోన్లకు చట్టం అండగా నిలవడం జరగని పనేమీ కాదు. దక్షిణాఫ్రికాలో అమాభుంగానే సంస్థ పాత్రికేయుడు సామ్ సోల్ ఫోను ప్రభుత్వం విన్న సంగతి, ఆ సంభాషణలు ఏళ్ల తర్వాత కోర్టు కాగితాల్లో కనబడ్డాకే బయటపడింది. ఆయన, ఆయన సంస్థ కోర్టుకెక్కారు. 2021 ఫిబ్రవరి 4న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ దేశపు నిఘా చట్టంలోని లోపాలను ఎత్తిచూపి ఇలా చెప్పింది: నిఘా ముగిశాక ఆ వ్యక్తికి తెలియజేయాలి, లక్ష్యం పాత్రికేయుడైతే ఆ సంగతి అనుమతిచ్చే జడ్జికి ముందే చెప్పాలి. మన దగ్గర ఆ అనుమతి హోంశాఖ కార్యదర్శి సంతకంతో వస్తుంది; జడ్జి దాకా వెళ్లదు, ఫోను యజమానికి తర్వాతైనా కబురు అందదు.

చట్టం మారేదాకా పత్రికల యాజమాన్యాలు చేయగలిగినవీ ఉన్నాయి. కంట్రిబ్యూటరుకు వార్తల కోసం విడిగా ఒక ఫోను ఇవ్వడం, ఆధారం పేరు డెస్క్ గ్రూపులోకి రాకుండా చూడడం, కేసు పడిన రోజున లాయరును పంపడం. గుర్తింపు కార్డు మీద తమ పేరు వేసుకునే సంస్థ అతని మీద కేసు పడినప్పుడు కూడా అతను తమ మనిషేనని ఒప్పుకోవాలి.