మీకు తెలుసా? చుక్కలు చూసేవాళ్ల సామాను సంగతులు

పెట్టె మీది అంకె

చవకరకం టెలిస్కోప్ పెట్టెల మీద పెద్ద అక్షరాలతో ‘500 రెట్లు’, ‘600 రెట్లు’ అని అచ్చువేసి ఉంటుంది. దాన్ని వదిలేసి, ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో ఉండే ఇంకో అంకె వెతకండి. అది లెన్సు వెడల్పు, లేదా అద్దం వెడల్పు. టెలిస్కోప్ అన్నిటికంటే ముందు చేసే పని వెలుగును పోగుచేయడం. వాన పడుతున్నప్పుడు వాకిట్లో చెంబు పెడితే ఎన్ని నీళ్లొస్తాయి, గంగాళం పెడితే ఎన్నొస్తాయి? చుక్కల వెలుగుదీ అదే లెక్క. చీకటికి బాగా అలవాటుపడ్డ పడుచువాళ్ల కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. 50 మి.మీ. లెన్సు అంతకు 50 రెట్లు, 150 మి.మీ. అద్దం దాదాపు 450 రెట్లు ఎక్కువ వెలుగు పట్టుకుంటుంది.

మరి ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందన్నది మనం కన్ను ఆనించే ఐపీస్‌ను బట్టి మారుతుంది. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ను ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే సరి. 1200 మి.మీ. టెలిస్కోప్‌కు 25 మి.మీ. ఐపీస్ పెడితే 48 రెట్లు, 10 మి.మీ.ది పెడితే 120 రెట్లు. ఐపీస్‌లు మార్చుకుంటూ ఎంత దూరమైనా పోవచ్చు గానీ, వెడల్పులో మిల్లీమీటరుకు రెండు రెట్లు దాటాక పెరిగేది మసకే. అంటే 60 మి.మీ. టెలిస్కోప్ ఎంత బాగున్నా 120 రెట్ల దగ్గర ఆగిపోవాలి. దాని మీద 500 అని రాసి పిల్లల పుట్టినరోజుకు అంటగట్టడం అన్యాయం. ఆ పిల్లలు ఒకట్రెండు రాత్రులు మసకను చూసి, తప్పు తమదేననుకుని దాన్ని అటకెక్కిస్తారు. ఆకాశం మీద పుట్టిన ఆసక్తి కూడా దాంతోపాటే అటకెక్కుతుంది.

గెలీలియోకు లేని సుఖం

1610 జనవరిలో గెలీలియో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చంద్రులను కనిపెట్టాడు. ఆయన గొట్టం సుమారు 20 రెట్లు పెద్దగా చూపేది. కానీ లెన్సులో బాగా పనిచేసేది నడిమి భాగమే కాబట్టి అంచులు మూసేసి వాడుకున్నాడు. ఇవాళ మామూలు 10x50 బైనాక్యులర్స్ అంతకంటే చాలా ఎక్కువ వెలుగు పడుతుంది, అదీ రెండు కళ్లకూ. ఇందులో 10 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో అది, 50 అంటే ముందు లెన్సు వెడల్పు మిల్లీమీటర్లలో. గురుడి చంద్రులు, చంద్రుడి మీది గుంటలు, కృత్తికల్లో కంటికి ఆనని డజన్లకొద్దీ చుక్కలు దీంతోనే కనిపిస్తాయి. చీకటి ఊరైతే 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ కూడా చిన్న పొగమరకలా తగులుతుంది. శనిగ్రహం వలయాలకు మాత్రం ఇది చాలదు, ముప్ఫై నలభై రెట్లయినా ఉండాలి.

నన్నడిగితే మొదట కొనవలసింది ఇదే. చేతులు వణికితే మడతకుర్చీలో వెనక్కి వాలి మోచేతులు ఆనించుకోండి. వేసవిలో డాబా మీద పడుకునే అలవాటున్న ఇళ్లలో అదీ అక్కర్లేదు.

సన్యాసి చేసిన టెలిస్కోప్

ప్రపంచంలో ఎక్కడైనా చుక్కల సరదా ఉన్నవాళ్లు నలుగురు చేరితే వాళ్ల మధ్య ఒక ‘డాబ్సోనియన్’ ఉంటుంది. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? జాన్ డాబ్సన్ 1915లో బీజింగ్‌లో పుట్టాడు. అమెరికాలో రసాయనశాస్త్రం చదివి, 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత సొసైటీలో చేరి సన్యాసి అయ్యాడు. రామకృష్ణ సంప్రదాయానికి చెందిన మఠం అది. వేదాంతానికీ ఆధునిక విజ్ఞానానికీ పొత్తు ఎలా కుదురుతుందో చూడమని ఆయనకు పని అప్పగించారు. ఆయన ఆలోచన తిన్నగా నక్షత్రాల మీదికి పోయింది.

చేతిలో డబ్బు లేదు. పాత ఓడల కిటికీల్లోంచి తీసిన మందపాటి గాజుబిళ్లలను అరగదీసి అద్దాలు చేసుకున్నాడు. గొట్టానికి గట్టి అట్ట, పీఠానికి ప్లైవుడ్. పెద్ద టెలిస్కోప్‌కు అప్పటిదాకా ఇనుప స్తంభాలూ పళ్లచక్రాలూ కావలసి వచ్చేవి. ఈయన పీఠం పక్కలకు తిరుగుతుంది, పైకీ కిందికీ వాలుతుంది, అంతే. రాసుకునే చోట నున్నటి ముక్కలు వేయడంతో వేలితో తోస్తే కదిలి, వదిలిన చోట నిలుస్తుంది. చక్రాలు బిగించిన టెలిస్కోప్‌ను రాత్రిళ్లు వీధుల్లోకి లాక్కెళ్లి ఇరుగుపొరుగుకు చంద్రుణ్ణి, శనిని చూపించేవాడు. మఠం నియమాలకూ దీనికీ పడలేదు. 1967లో ఆయన మఠం వదిలి రావలసి వచ్చింది. ఆ మరుసటి ఏడే ఇద్దరు కుర్రాళ్లతో కలిసి కాలిబాట మీద టెలిస్కోప్ నిలబెట్టి దారినపోయేవాళ్లను పిలిచి చూపే బృందం మొదలుపెట్టాడు. 2014లో పోయేవరకూ ఆయన చేసిన పని ఇదే. ఆ పీఠం మీద ఆయన పేటెంటు తీసుకోలేదు. అందుకే ఇవాళ ఎవరైనా వడ్రంగి చేత చేయించుకోవచ్చు, కంపెనీలూ తక్కువ ధరకు అమ్మగలుగుతున్నాయి. పెద్ద అద్దం సామాన్యుడి ఇంటికి వచ్చిందంటే అందులో డాబ్సన్ చలవ చాలా ఉంది.

రెండు గాజుబిళ్లలు, కాస్త ఇసుక

గాజును ఇంట్లో అరగదీసి టెలిస్కోప్ అద్దం చేయడం సాధ్యమా? సాధ్యమే. రెండు గుండ్రటి బిళ్లలు తీసుకుని, మధ్యలో కార్బోరండమ్ పొడి, నీళ్లు వేసి, ఒకదాని మీద ఒకటి ముందుకూ వెనక్కూ రుద్దుతూ తిప్పుతూ ఉంటే పైది గుంటపడుతుంది, కిందిది ఉబ్బుతుంది. ఏ యంత్రమూ లేకుండానే ఇది జరుగుతుంది. ఆపైన పొడిని మెత్తన చేసుకుంటూ పోయి, చివర తారు పూసిన పళ్లెం మీద మెరుగు పెడతారు. అద్దం వంపులో తేడా మిల్లీమీటరులో పదివేలవ వంతుకు మించితే బొమ్మ పాడవుతుంది. అంత సన్నని తేడాను పట్టుకునే పరీక్షకు కావలసినవి ఒక చిన్న దీపం, ఒక బ్లేడు. ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఫూకో 1858లో చెప్పిన ఉపాయం ఇది, ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

1920లలో అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే చిన్న పారిశ్రామిక పట్టణంలో రస్సెల్ పోర్టర్ ఈ విద్యను అక్కడి ఫ్యాక్టరీ పనివాళ్లకు నేర్పాడు. వాళ్లు కొండ మీద కట్టుకున్న ‘స్టెల్లాఫేన్’ క్లబ్బులో 1926 నుంచి సొంతంగా టెలిస్కోప్‌లు చేసుకున్నవాళ్ల సభలు జరుగుతున్నాయి. పోర్టర్‌ను ఆ తర్వాత పాలమార్ కొండ మీద 200 అంగుళాల మహా టెలిస్కోప్ పనికి పిలిపించుకున్నారు. మన దేశంలో పుణెలోని ఐయూకా సంస్థ అద్దం అరగదీయడం నేర్పే శిబిరాలు నడిపింది.

విశాఖలో ఒక తోట

తెలుగువాళ్లకు ఇది కొత్త సరదా అనుకుంటే పొరపాటు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840 ప్రాంతంలో తన సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టించాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లటి చుక్కలా నడిచిపోయినప్పుడు డాబాగార్డెన్స్‌లోని ఆ అబ్జర్వేటరీ నుంచి పరిశీలించి, లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి వివరాలు పంపాడు. డాబాగార్డెన్స్ ఇప్పుడు విశాఖ నడిబొడ్డు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసో గానీ, ఆ ఊరి బడిపిల్లలందరికీ తెలియవలసినది.

హైదరాబాదులో నిజామియా అబ్జర్వేటరీ కూడా ఒక మనిషి అభిరుచిగానే మొదలైంది. 1901లో నవాబు జఫర్ జంగ్ 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించుకున్నాడు. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని చేపట్టింది. తర్వాత కాలంలో అనేక దేశాలు పంచుకుని చేసిన ఆకాశపటం కోసం లక్షల నక్షత్రాల స్థానాలను అక్కడ లెక్కగట్టారు. అక్కడ పనిచేసిన ఉద్యోగి కొడుకు వేణు బప్పు. ఆ టెలిస్కోప్‌ల మధ్య పెరిగిన ఆ కుర్రాడు 1949లో ఒక తోకచుక్క కనిపెట్టాడు. కావలూరులోని పెద్ద టెలిస్కోప్‌కు ఇప్పుడు ఆయన పేరే.

ధ్రువనక్షత్రం ఎత్తెంత?

మీ ఊరి అక్షాంశం ఎంతో ధ్రువనక్షత్రం అంత ఎత్తులో ఉంటుంది. తిరుపతిలో పదమూడున్నర డిగ్రీల పైన, హైదరాబాదులో 17 దాటి, ఆదిలాబాద్‌లో దాదాపు 20. చేయి బారజాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. కాబట్టి ఉత్తరాన నేల అంచు నుంచి ఒకటిన్నర, రెండు పిడికిళ్లు కొలిస్తే ధ్రువుడు దొరుకుతాడు. మరీ మెరిసే చుక్కేమీ కాదు.

దీనికీ సామాను కొనడానికీ సంబంధం ఉంది. ‘ఈక్వటోరియల్’ రకం పీఠం ఇరుసును ధ్రువుడి వైపు వాల్చి పెట్టాలి. ఐరోపాలో 50 డిగ్రీలకు వాల్చేది మన దగ్గర 17కు దించేసరికి, కొన్ని పీఠాల్లో ఎదురుబరువు కడ్డీ ముక్కాలిపీట కాలికి కొట్టుకుంటుంది. కొనేముందు మీ అక్షాంశానికి దిగుతుందో లేదో అడగండి. డాబ్సన్ పీఠానికి ఈ బాధ లేదు.

ధ్రువుడు కిందికి దిగినందుకు దక్షిణాకాశం మనకు బహుమానంగా దొరికింది. లండన్‌లో ఎన్నటికీ ఉదయించని అగస్త్య నక్షత్రం మనకు శీతాకాలపు రాత్రుల్లో దక్షిణాన ధగధగలాడుతుంది. మే నెల మధ్యలో రాత్రి పది గంటలకు దక్షిణ దిక్కున రెండున్నర పిడికిళ్ల ఎత్తులో బైనాక్యులర్స్ తిప్పితే గుండ్రటి వెలుగు ముద్ద ఒకటి తగులుతుంది. అది ఒమేగా సెంటారీ, సుమారు కోటి నక్షత్రాల గుంపు.

పక్కకు చూస్తేనే కనిపించేవి

చీకట్లోకి వచ్చాక కన్ను పూర్తిగా అలవాటుపడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ తెర వెలిగిందా, మళ్లీ మొదటికే. ఎర్రటి వెలుగు ఆ చీకటి చూపును అంతగా చెడగొట్టదు కాబట్టి టార్చికి ఎర్ర జిలుగుకాగితం చుట్టుకుంటారు. ఇంకో వింత ఏమిటంటే, మసక వెలుగును పట్టే కణాలు కంటి సరిగ్గా నడిమధ్యలో ఉండవు, చుట్టూ ఉంటాయి. అందుకే మసకగా ఉన్న గెలాక్సీని సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకు చూస్తే తిరిగి వస్తుంది.

ఊరి దీపాలు ఆకాశాన్ని ఎంత తినేస్తున్నాయో చెప్పడానికి జాన్ బోర్టిల్ అనే అభిరుచిపరుడు 2001లో 1 నుంచి 9 దాకా ఒక కొలత ఇచ్చాడు. మహానగరాలు 8, 9. అక్కడ పాలపుంత కనిపించదు. మన దేశంలో లద్దాఖ్‌లోని హాన్లే, మహారాష్ట్ర వైపు పెంచ్ పులుల అభయారణ్యం చీకటిని కాపాడుకునే ప్రదేశాలుగా గుర్తింపు పొందాయి. తెలుగునేల మీద కూడా అలాంటి చోటు ఒకటి ఉండాలని గట్టిగా అడగవలసిన సమయం ఇది.

సొంత టెలిస్కోప్ లేకుండా తోకచుక్క

జపాన్‌లో పియానో ఫ్యాక్టరీలో పనిచేసే కవోరు ఇకెయా 1963లో, పందొమ్మిదేళ్ల వయసులో, తను చేసుకున్న టెలిస్కోప్‌తోనే తోకచుక్క పట్టాడు. 1996లో యూజీ హ్యకుతాకే పెద్ద బైనాక్యులర్స్‌తో ఇంకొకటి పట్టాడు. 1995 నాటి హేల్-బాప్ తోకచుక్కను కనిపెట్టిన ఇద్దరిలో థామస్ బాప్‌కు అప్పుడు సొంత టెలిస్కోప్ లేదు, స్నేహితుడి దానిలో చూశాడు. ఆస్ట్రేలియాలో రాబర్ట్ ఎవాన్స్ అనే మతబోధకుడు వందల గెలాక్సీల రూపాలను కంఠతా పట్టి, వాటిలో కొత్తగా వెలిగిన చుక్కను చూపుతోనే పసిగట్టి 40కి పైగా సూపర్‌నోవాలు కనిపెట్టాడు.

సామాను జాగ్రత్తలు

కోస్తా జిల్లాల తేమకు లెన్సుల మీద బూజు పడుతుంది. మంచు పట్టిన లెన్సుకు వెంటనే మూత పెట్టకండి, ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో పెట్టండి. అద్దం మీది దుమ్మును గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. ఇంట్లోంచి బయటికి తెచ్చిన టెలిస్కోప్ చల్లబడడానికి అరగంటైనా ఇవ్వాలి. పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు డాబా మీద వేసవి సాయంత్రాల్లో గ్రహాలు నీళ్లలోంచి చూసినట్టు అల్లాడతాయి. మట్టినేల మేలు.

సూర్యుడి విషయంలో రాజీ లేదు. ఫిల్టర్ టెలిస్కోప్ ముందు భాగానికి, లోపలికి వెలుగు వచ్చే చోటే బిగించాలి. ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల ఫిల్టర్లు వేడికి పగులుతాయి, క్షణంలో చూపు పోతుంది. అలాంటిది పెట్టెలో వస్తే తీసి పారేయండి.

పున్నమి చంద్రుడు చూడదగ్గవాడేనా?

టెలిస్కోప్‌కు మాత్రం కాదు. వెలుగు సూటిగా పడి నీడలుండవు, గుంటలన్నీ చదునుగా కనిపిస్తాయి. శుద్ధ సప్తమి, అష్టమి నాడు వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి చూడండి. కొండల నీడలు పొడుగ్గా సాగి ఒక్కో గుంట లోతు తెలుస్తుంది. గెలాక్సీలకైతే అమావాస్యకు అటూ ఇటూ ఉన్న నాలుగైదు రాత్రులు. గోడ మీది తెలుగు క్యాలెండరులో తిథులన్నీ ఉన్నాయి కాబట్టి ఏ రోజు ఏది చూడాలో వేరే పట్టిక కొనక్కర్లేదు.