గొలుసు తెగిన ఫైలు

పెళ్ళిలో అవ్వ పాడిన పాటను రికార్డు చేసి పెన్‌డ్రైవులో దాచుకుంటారు. ఒకనాడు చూస్తే ఆ ఫైలు తెరుచుకోదు. పాట పోయిందని ఇంటిల్లిపాదీ బాధపడతారు. నిజానికి చాలా సందర్భాలలో పాట అక్కడే ఉంటుంది. అది ఎక్కడున్నదో చెప్పే పట్టిక చెడిపోయి ఉంటుంది.

పెన్‌డ్రైవులోని స్థలాన్ని సమానమైన చిన్న చిన్న గదులుగా విభజిస్తారు. వీటిని క్లస్టర్లు అంటారు. పెద్ద ఫైలు ఒక్క గదిలో పట్టదు. అన్ని గదులూ పక్కపక్కనే దొరకాలని కూడా లేదు. ఒక ముక్క 7వ గదిలో, తరువాతిది 8వ గదిలో, మూడవది ఎక్కడో 15వ గదిలో చేరవచ్చు. 1977లో మొదలై, మార్పులతో నేటికీ ఎన్నో పెన్‌డ్రైవులలో వాడుకలో ఉన్న 'ఫ్యాట్' పద్ధతిలో ఫైలు పేరు, పరిమాణం, మొదటి గది సంఖ్య ఒకచోట నమోదవుతాయి. మిగిలిన గదుల వివరం వేరే పట్టికలో ఉంటుంది. అందులో 7 ఎదుట 8, 8 ఎదుట 15, 15 ఎదుట 'ముగిసింది' అనే గుర్తు ఉంటాయి. ఇలా గొలుసు కడియాల వలె ఒక గది మరొక గదిని చూపుతుంది. అంతా ఈ పట్టిక మీదనే ఆధారపడి ఉన్నందువల్ల సాధారణంగా దానికి రెండు ప్రతులు ఉంచుతారు.

కంప్యూటరు రాస్తుండగా కరెంటు పోయినా, పెన్‌డ్రైవును హఠాత్తుగా లాగివేసినా ఈ గొలుసు తెగవచ్చు. అప్పుడు ఏ ఫైలుకూ చెందని గదులు మిగిలిపోతాయి. కొన్నిసార్లు రెండు ఫైళ్ళు ఒకే గదిని తమదంటాయి. ఇది అన్నదమ్ముల గట్టు తగవు వంటిది.

విండోస్‌లో ఉండే 'చెక్‌డిస్క్' ఈ పట్టికను సరిచూస్తుంది. దిక్కులేని గదులను కూర్చి 'ఫైల్0000.సిహెచ్‌కె' వంటి పేరుతో కొత్త ఫైలుగా ఇస్తుంది. పాత పేరు దానికి తెలియదు. తెరిచి చూసి పోల్చుకోవలసింది మనిషే. అయితే చెక్‌డిస్క్ శ్రద్ధ అంతా పట్టికను చక్కదిద్దడం మీదనే. అవ్వ పాట దానికి పట్టదు. ఆ దిద్దుబాటులో ఫైలు ముక్క ఒకటి పోయినా పోవచ్చు.

అందుచేత ముందుగా ఆ పెన్‌డ్రైవులో మరేమీ రాయకుండా ఆపాలి. తరువాత ఖాళీగా కనిపించే గదులతో సహా మొత్తాన్ని ఉన్నదున్నట్లు వేరొక చోటికి నకలు తీయాలి. మరమ్మతు ఆ నకలు మీదనే చేయాలి. అది వికటించినా అసలు ప్రతి అలాగే ఉంటుంది.

పొరపాటున తుడిచివేసిన ఫైలు సంగతీ ఇంతే. ఫ్యాట్ పద్ధతిలో తుడిచినప్పుడు పేరులోని మొదటి అక్షరం చోట ఒక గుర్తు పడుతుంది. పట్టికలో దాని గదులు ఖాళీ అని నమోదవుతాయి. లోపలి విషయం మాత్రం మరొక ఫైలు వచ్చి ఆ గదులలో చేరేవరకు సాధారణంగా అక్కడే ఉంటుంది.