స్ప్రింగు టాయిలెట్ పేపరు హోల్డరు

స్ప్రింగు టాయిలెట్ పేపరు హోల్డరు అనగా మరుగుదొడ్డిలో వాడే కాగితపు చుట్టను గోడకు బిగించిన రెండు బ్రాకెట్ల మధ్య పట్టి ఉంచే చిన్న గృహోపకరణం. ఇందులోని రోలరు ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలతో తయారవుతుంది. గొట్టాల లోపల ఒక సంపీడన స్ప్రింగు ఉంటుంది. రోలరును చేతితో నొక్కితే పొట్టిదవుతుంది. వదిలితే తిరిగి సాగి, దాని మొనలు బ్రాకెట్ల గుంటలలో కూర్చుంటాయి. ఏ పనిముట్టూ లేకుండా చుట్టను మార్చుకునే వీలు కల్పించడం దీని ప్రయోజనం. చేతి గడియారపు పట్టీని పట్టి ఉంచే స్ప్రింగు పిన్ను కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది.

చూడటానికి అతి సామాన్యమైన వస్తువే అయినా దీని రూపకల్పనలో మూడు అవసరాలను ఒకేసారి తీర్చవలసి ఉంటుంది. మొదటిది, రోలరు దానంతట అది ఊడిపడకూడదు. రెండవది, వృద్ధులు, కీళ్ళనొప్పులు ఉన్నవారు కూడా దానిని నొక్కగలగాలి. మూడవది, చుట్ట సులభంగా తిరగాలి కాని అదుపు తప్పకూడదు. మొదటి రెండు అవసరాలు ఒకదానికొకటి విరుద్ధమైనవి. వాటి మధ్య సమతూకం స్ప్రింగు ఎంపికపై ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

శౌచానికి కాగితాన్ని వాడటం చైనాలో క్రీ.శ. 6వ శతాబ్దం నాటికే ఉన్నట్లు యాన్ ఝిటుయ్ అనే పండితుని రచన వలన తెలుస్తున్నది. అమెరికాలో 1857లో జోసెఫ్ గయెట్టీ ఇందుకోసం ప్రత్యేకంగా తయారుచేసిన కాగితాన్ని విడి పత్రాలుగా అమ్మాడు. విడి పత్రాలకు పెట్టె చాలు, హోల్డరు అవసరం లేదు.

కాగితం చుట్ట రూపంలోకి మారిన తరువాతనే హోల్డరు అవసరమైంది. న్యూయార్కు రాష్ట్రంలోని ఆల్బనీ నగరానికి చెందిన సేథ్ వీలర్ 1871లో చిల్లుల వరుసలతో కూడిన చుట్టు కాగితానికి పేటెంటు పొందాడు. 1891లో టాయిలెట్ పేపరు చుట్టకు అతడు పొందిన పేటెంటులోని బొమ్మలో కాగితపు కొస చుట్ట పైభాగం నుండి ముందుకు వేలాడుతూ కనిపిస్తుంది. కాగితం పైనుండి రావాలా, కింది నుండి రావాలా అనే సరదా వాదాలలో ఈ బొమ్మను నేటికీ సాక్ష్యంగా చూపిస్తుంటారు. 1879లో ఫిలడెల్ఫియాలో ప్రారంభమైన స్కాట్ పేపర్ కంపెనీ 1890లో చుట్టలను అమ్మడం మొదలుపెట్టింది.

నిర్మాణం

హోల్డరులో ముఖ్యంగా నాలుగు భాగాలుంటాయి.

బ్రాకెట్లు: ఇవి గోడకు మరలతో బిగించిన రెండు చేతులు. వీటి లోపలి ముఖాలలో ఎదురెదురుగా 3 నుండి 4 మి.మీ. లోతు గల గుంటలుంటాయి.

బయటి గొట్టం, లోపలి గొట్టం: ఇవి సాధారణంగా ప్లాస్టిక్కుతో చేసినవి. కాగితపు చుట్ట మధ్యలో ఉండే అట్టగొట్టం వ్యాసం సుమారు 40 మి.మీ. కాబట్టి 20 నుండి 25 మి.మీ. వ్యాసం గల రోలరు దానిలో సులభంగా దూరుతుంది.

స్ప్రింగు: ఇది రెండు గొట్టాలలోను ఉన్న అడ్డుగోడల మధ్య ఇమిడి ఉంటుంది.

ఆపుడు అంచు: రోలరును బయటకు తీసినపుడు రెండు గొట్టాలు విడిపోకుండా ఆపే చిన్న అంచు లేదా కొక్కెం.

చుట్ట బరువును మోసేది స్ప్రింగు కాదని గమనించాలి. బరువును మోసేది గుంట అడుగు అంచు. మొనలు గుంటలలో నుండి జారకుండా చూడటమే స్ప్రింగు పని. గుంటలు లేకుండా కేవలం ఘర్షణతో రోలరును నిలపాలంటే స్ప్రింగు బలం చాలా పెంచవలసి వస్తుంది. ఉదాహరణకు చుట్ట బరువు 1.5 న్యూటన్లు, లాగే బలం 4 న్యూటన్లు, ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, రెండు కొసల వద్ద కలిపి 5.5 న్యూటన్ల ఘర్షణ కావాలి. అందుకు స్ప్రింగు 9 న్యూటన్లకు పైగా బలంతో నిరంతరం నెడుతూ ఉండాలి. చిన్న గుంట ఉంటే ఇంత బలం అక్కరలేదు.

స్ప్రింగు ఎంపిక

స్ప్రింగు ప్రవర్తనను వివరించే నియమాన్ని ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. స్థితిస్థాపక అవధికి లోబడి, స్ప్రింగు చూపే పునఃస్థాపక బలం దాని పొడవులో కలిగిన మార్పుకు అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక మి.మీ. నొక్కటానికి కావలసిన బలాన్ని ఆ స్ప్రింగు బల స్థిరాంకం అంటారు.

ఈ స్థిరాంకం తీగ వ్యాసపు నాలుగవ ఘాతానికి అనులోమానుపాతంలోను, చుట్టు వ్యాసపు ఘనానికి, చుట్ల సంఖ్యకు విలోమానుపాతంలోను ఉంటుంది. తీగ కొద్దిగా లావైనా స్ప్రింగు ఎంతో గట్టిపడుతుందని దీని అర్థం. 0.8 మి.మీ. తీగకు బదులు 1.2 మి.మీ. తీగ వాడితే స్ప్రింగు సుమారు 5 రెట్లు గట్టిదవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. బ్రాకెట్ల మధ్య దూరం 140 మి.మీ., ఒక్కొక్క గుంట లోతు 4 మి.మీ. అయితే గుంటలలో కూర్చున్న రోలరు పొడవు 148 మి.మీ. ఉంటుంది. ఒక మొనను గుంటలో ఉంచి రెండవ మొనను లోపలికి తేవాలంటే రోలరు కనీసం 4 మి.మీ. పొట్టిది కావాలి. చేతికి వెసులుబాటు కోసం దీనిని 12 మి.మీ.గా తీసుకుంటారనుకుందాం.

ఇప్పుడు రెండు స్ప్రింగులను పోల్చవచ్చు. రెండూ రోలరును స్వస్థానంలో 5.4 న్యూటన్ల బలంతోనే పట్టి ఉంచుతాయి.

మెత్తని స్ప్రింగు: ఉక్కు తీగ 0.8 మి.మీ., చుట్టు వ్యాసం 10 మి.మీ., పనిచేసే చుట్లు 15. బల స్థిరాంకం మి.మీ.కు సుమారు 0.27 న్యూటన్లు. స్వస్థానంలో ఇది 20 మి.మీ. నొక్కుకొని ఉంటుంది. మరో 12 మి.మీ. నొక్కటానికి బలం 8.6 న్యూటన్లకు మాత్రమే పెరుగుతుంది. ఇది సుమారు 880 గ్రాముల బరువుకు సమానం.

గట్టి స్ప్రింగు: తీగ 1.2 మి.మీ., మిగిలిన కొలతలు అవే. బల స్థిరాంకం మి.మీ.కు సుమారు 1.35 న్యూటన్లు. స్వస్థానంలో ఇది 4 మి.మీ. మాత్రమే నొక్కుకొని ఉంటుంది. మరో 12 మి.మీ. నొక్కాలంటే 21.6 న్యూటన్లు, అనగా సుమారు 2.2 కిలోగ్రాముల బరువుకు సమానమైన బలం కావాలి.

ఇక బ్రాకెట్లను గోడకు బిగించేటపుడు 5 మి.మీ. తేడా వచ్చి వాటి మధ్య దూరం పెరిగిందనుకుందాం. మెత్తని స్ప్రింగు బలం 5.4 నుండి సుమారు 4 న్యూటన్లకు తగ్గుతుంది. రోలరు నిలిచే ఉంటుంది. గట్టి స్ప్రింగు నొక్కుకొని ఉన్నదే 4 మి.మీ. కనుక అది పూర్తిగా సాగిపోయి రోలరు వదులవుతుంది. గట్టి స్ప్రింగు అయితే గట్టిగా పట్టుకుంటుందనే సామాన్య భావన ఇక్కడ తప్పని తేలుతుంది. మెత్తగా, పొడవుగా ఉండి, ముందే బాగా నొక్కి అమర్చిన స్ప్రింగు చేతికి సులభంగా లొంగుతుంది, గోడ పనిలోని లోపాన్ని కూడా సర్దుకుంటుంది.

పొడవైన స్ప్రింగుతో ఒక చిక్కు ఉన్నది. చుట్టు వ్యాసం కంటే పొడవు నాలుగు రెట్లు మించితే నొక్కినపుడు అది పక్కకు వంగిపోయే అవకాశం ఉంటుంది. పై ఉదాహరణలో 60 మి.మీ. స్ప్రింగు వాడితే ఈ నిష్పత్తి 6 అవుతుంది. అయితే గొట్టం లోపలి గోడ స్ప్రింగును చుట్టూ కాపాడుతుంది కనుక ఇబ్బంది రాదు. చుట్లన్నీ ఒకదానికొకటి తాకేంత వరకు నొక్కితే ఈ స్ప్రింగు పొడవు సుమారు 14 మి.మీ. ఉంటుంది. రోలరును అమర్చేటపుడు స్ప్రింగు 28 మి.మీ. వరకే నొక్కుకుంటుంది. కాబట్టి చుట్లు ఢీకొనవు.

గొట్టాల రూపకల్పన

రెండు గొట్టాలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉండే భాగం తగినంత పొడవు ఉండాలి. అది లోపలి గొట్టం వ్యాసానికి సుమారు రెండు రెట్లు ఉంటే మంచిది. ఇంతకన్నా బాగా తక్కువైతే, కొద్దిగా ఏటవాలుగా నొక్కినా గొట్టాలు బిగుసుకుపోతాయి. చాలా కాలం వాడిన రోలర్లు మధ్యలో పట్టేయటానికి స్ప్రింగు లోపం కంటే ఇదే తరచు కారణమవుతుంది.

ఆపుడు అంచు భద్రత కోసం కూడా అవసరం. పై మెత్తని స్ప్రింగును 32 మి.మీ. నొక్కినపుడు దానిలో సుమారు 0.14 జౌళ్ళ స్థితిశక్తి నిలవ ఉంటుంది. ఇదంతా 10 గ్రాముల గొట్టానికి గతిశక్తిగా మారితే ఆ ముక్క సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో ఎగురుతుంది. కంటికి తగిలితే గాయం కావచ్చు.

స్నానాల గదిలో తేమ ఎక్కువ కాబట్టి స్ప్రింగుకు తుప్పు పట్టని ఉక్కు లేదా జింకు పూత పూసిన తీగ వాడాలి. వారానికి రెండు చుట్టలు మార్చే ఇంటిలో కూడా పదేళ్ళలో రోలరును నొక్కేది సుమారు వెయ్యి సార్లే. అందుచేత పదే పదే నొక్కటం వలన తీగ అలసి విరగటం అరుదు. ఏళ్ళ తరబడి నొక్కుకొని ఉండటం వలన ప్లాస్టిక్కు మెల్లగా రూపు మారటం, తీగ తుప్పు పట్టటం అసలు సమస్యలు.

చుట్ట తిరగడం, కాగితం తెగడం

స్ప్రింగు రోలరును బ్రాకెట్లకు అదిమి ఉంచడం వలన సాధారణంగా రోలరు కదలదు. అట్టగొట్టమే దానిపై జారుతూ తిరుగుతుంది. 150 గ్రాముల నిండు చుట్ట వ్యాసార్థం 60 మి.మీ., అట్టగొట్టం వ్యాసార్థం 20 మి.మీ., ఘర్షణ గుణకం 0.3 అయితే కాగితాన్ని నిదానంగా లాగటానికి సుమారు 0.15 న్యూటన్ల బలం చాలు. ఈ స్వల్ప బలానికి చిల్లుల వరుస తెగదు, కాగితం వస్తూనే ఉంటుంది.

ఒంటిచేత్తో తెంపాలంటే ఒక్క ఉదుటున లాగాలి. అపుడు ఎదురు నిలిచేది ఘర్షణ కాదు, చుట్ట జడత్వం. నిండు చుట్ట జడత్వ భ్రామకాన్ని బట్టి లెక్కిస్తే, లాగే చేతికి అది సుమారు 80 గ్రాముల ద్రవ్యరాశిగా అనిపిస్తుంది. చుట్ట వ్యాసార్థం 25 మి.మీ.కు తగ్గేసరికి ఇది సుమారు 11 గ్రాములకు పడిపోతుంది. కాబట్టి కొత్త చుట్ట ఒక్క లాగుకు తెగుతుంది, అయిపోవచ్చిన చుట్ట మాత్రం తెగకుండా గిర్రున తిరిగి కాగితాన్ని నేలపై పరుస్తుంది. చుట్టపై ఆనే బరువైన మూత ఈ లోపాన్ని కొంతవరకు సరిచేస్తుంది. మూత అంచు కాగితాన్ని తెంపటానికి కూడా ఉపకరిస్తుంది.

చుట్టలో మిగిలిన కాగితాన్ని కంటితో అంచనా వేయటం కూడా కష్టమే. పై చుట్టలో కాగితపు మందం సగానికి తగ్గినపుడు, అనగా వ్యాసార్థం 40 మి.మీ. ఉన్నపుడు, మిగిలి ఉండేది సగం కాదు, 37.5 శాతం మాత్రమే.

అందరికీ అందుబాటు

వికలాంగుల సౌకర్యం కోసం అమెరికాలో 2010లో వెలువడిన ప్రమాణాల ప్రకారం హోల్డరు మధ్య గీత మరుగుదొడ్డి పీట ముందు అంచు నుండి 7 నుండి 9 అంగుళాలు ముందుకు ఉండాలి. కాగితం వెలువడే చోటు నేల నుండి 15 అంగుళాలకు తగ్గకుండా, 48 అంగుళాలకు మించకుండా ఉండాలి. కాగితం నిరంతరంగా రాకుండా అడ్డుకునే హోల్డర్లు వాడరాదు.

చేతితో పనిచేయించే భాగాలకు ఇవే ప్రమాణాలు మరొక నియమం పెట్టాయి. వాటిని ఒక చేతితో, గట్టిగా పిడికిలి బిగించకుండా, మెలిపెట్టకుండా నడపగలగాలి. బలం 5 పౌండ్లు, అనగా 22.2 న్యూటన్లు మించరాదు. ఈ నియమాన్ని కొలమానంగా తీసుకుంటే పై ఉదాహరణలోని గట్టి స్ప్రింగు హద్దుకు చేరువలో ఉన్నది, మెత్తని స్ప్రింగుకు అందులో సగం బలం కూడా అవసరం లేదు. అయితే బలం ఎంత తగ్గించినా, రోలరును రెండు చేతులతో నొక్కి పట్టుకోవలసి రావటం ఈ రకపు హోల్డరులోని మౌలికమైన లోపం. పక్షవాతం వలన ఒక చేయి పనిచేయని వ్యక్తికి చుట్ట మార్చటం ఇతరుల సహాయంతో జరిగే పనిగా మారుతుంది. ఒక బ్రాకెట్టు గుంటకు ముందు వాలుగాడిని చెక్కితే, రోలరును గోడవైపు నెట్టినపుడు ఆ వాలే స్ప్రింగును నొక్కుతుంది. ఒక చేయి సరిపోతుంది.

ఇతర రకాలు

ఒక కొస తెరచి ఉన్న వంపు కడ్డీకి చుట్టను నేరుగా తొడగవచ్చు. దీనిలో స్ప్రింగు ఉండదు, ఒక చేయి చాలు, కాని పక్కకు లాగితే చుట్ట జారిపోవచ్చు. పైకి లేచే కడ్డీ గల హోల్డర్లు ఈ రెండు గుణాలను కలుపుతాయి. బహిరంగ స్థలాలలో తాళం గల పెద్ద పెట్టెలను వాడుతారు.

రెండు చుట్టలు పట్టే హోల్డరు గణితశాస్త్రానికి కూడా ఒక సమస్యను అందించింది. ప్రసిద్ధ కంప్యూటరు శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1984లో ఒక గణిత పత్రికలో దీనిపై వ్యాసం రాశాడు. అందరూ పెద్ద చుట్ట నుండే కాగితం తీసుకుంటే రెండు చుట్టలూ దాదాపు ఒకేసారి అయిపోతాయి. చిన్న చుట్ట నుండి తీసుకుంటే రెండవది నిలవగా మిగులుతుంది.

భారతదేశంలో

భారతదేశంలో శౌచానికి నీటిని వాడటం సంప్రదాయం కనుక ఈ హోల్డర్లు ఎక్కువగా హోటళ్ళు, విమానాశ్రయాలు, కార్యాలయాలలో కనిపిస్తాయి. గదిలో నీటి వాడకం ఎక్కువ కాబట్టి కాగితం తడవకుండా పైన స్టీలు మూత ఉన్న రకం ఇక్కడ అనువైనది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి స్ప్రింగు రోలరు ఇంటింటా కనిపించే వస్తువే.

ఇవి కూడా చూడండి

కాగితం
హుక్ నియమం
ఘర్షణ
జడత్వ భ్రామకం