కాలువ ఎక్కబోయే ముందు

హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే యాత్రికులకు సున్నిపెంట అంటే బస్సు కిటికీలోంచి చూసి దాటిపోయే ఊరు. మాకు మాత్రం అదే మజిలీ. 1963లో నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేశాక, పనివాళ్లకోసం ఈ నల్లమల అడవిలో వెలసిన కాలనీ అది. మా తమ్ముడి కాపురం అక్కడే.

దసరా సెలవులకు మద్రాసు నుంచి మా చెల్లెలూ, దాని పిల్లలిద్దరూ దిగారు. ఆ మహానగరానికి చెన్నై అని పేరు మార్చి ఎన్నేళ్లయినా మా నోట మద్రాసే! పిల్లలే కార్యక్రమం వేశారు: మొదటిరోజు లాంచీ షికారు, మర్నాడు పోతిరెడ్డిపాడులో కృష్ణనీళ్లు కాలువ ఎక్కేచోటు చూడటం.

"లాంచీకైతే వస్తా. కాలువకు రాను," అంది మా మేనత్త. ఎందుకని ఎవరమూ అడగలేదు.

పాతాళగంగకు రోప్‌వేలో దిగుదామంటే, "తీగమీద వేలాడను నేనేమన్నా ఆరేసిన కోకనా?" అని మొరాయించింది. చివరికి కళ్లు గట్టిగా మూసుకుని ఎక్కింది. దిగాక చూడాలి ఆమె దర్జా!

లాంచీ కదిలింది. నీళ్లు పూర్తిమట్టమైన 885 అడుగులకు కాస్త దిగువన నిండుగా ఉన్నాయి. రెండువైపులా కొండలు నిటారుగా గోడలు కట్టినట్టు నిలబడ్డాయి. ఒకచోట పుట్టిలో కూర్చుని ఒకతను వల సర్దుకుంటున్నాడు. మా లాంచీ అలకు పుట్టి గిర్రున తిరిగినా అతను తల ఎత్తలేదు. పనిలేని ప్రయాణమంటే ఎంత సుఖమో! మా తమ్ముడైతే పావుగంటలో గుర్రుపెట్టాడు.

అక్కమహాదేవి గుహల దగ్గర దిగాం. పన్నెండో శతాబ్దపు కన్నడ భక్తురాలు ఇక్కడ తపస్సు చేసిందని చెబుతారు. లోపలి శివలింగం దగ్గరకు చీకట్లో వొంగి, పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి వెళ్లాలి. నా బొజ్జ నన్ను సగంలోనే వెనక్కు పంపింది. బయట బండమీద పులిహోర, దద్ధోజనం, మాగాయ ముక్క. అంతకంటే ఏం కావాలి?

తిరుగుదారిలో అత్త లాంచీ నడిపే అతన్ని అడిగింది: "నాయనా, మా ఊరు యాడుంటాది ఈ నీళ్ల కింద?"

అతను ఊరిపేరు విని వెనక్కు చూపించాడు. "ఇంకా శానా పైకవ్వా. మా లాంచీ అంతదూరం పోదు."

ఈ జలాశయం కింద సుమారు వంద గ్రామాలు మునిగాయి. 1981లో అత్తవాళ్లు తలుపులూ, దూలాలూ బండిమీద వేసుకుని ఊరు వదిలారు. ఇంటిముందరి వేపచెట్టును ఏం చేస్తారు? వేసవిలో నీళ్లు తీస్తే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం తిరనాళ్లలా వెళ్తారు. అత్త ఒక్కసారీ వెళ్లలేదు. ఇప్పుడు మాత్రం కుర్చీ తిప్పించుకుని అతను చూపినవైపే చూస్తూ కూచుంది.

చెల్లెలి పెద్దపిల్ల వెళ్లి పక్కన చేరింది. "అవ్వా, ఈ నీళ్లే మా ఇంటికొస్తాయి తెలుసా?"

అది చిలకపలుకు కాదు, నిజమే. కృష్ణలో వాటాదార్లయిన మూడు రాష్ట్రాలూ తలా 5 టీఎంసీలు ఇస్తామని ఒప్పుకున్నాయి. 1983లో పని మొదలైన తెలుగుగంగ నీళ్లు 1996లో తమిళనాడు చేరాయి. పోతిరెడ్డిపాడులో కాలువ ఎక్కి బనకచెర్ల, వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు మీదుగా పూండి చెరువుకు పోతాయి. దారిపొడవునా మన పొలాలూ తడుస్తాయి. ఎవరికెంత నీళ్లన్న రాష్ట్రాల తగాదా జోలికి నేను పోను. ఆ లెక్క లాంచీలో తేలేది కాదు.

"కొళాయిలోకా?" అంది అత్త.

"ఆఁ. అన్ని ఊళ్ల నీళ్లూ కలుస్తాయనుకో. వీటివీ ఉంటాయి."

"రోజూ వస్తాయా?"

"ఎండాకాలం రోజు విడిచి రోజు."

అత్త ఇంకేమీ అనలేదు. లాంచీ రేవు చేరింది. రోప్‌వేలో ఈసారి కళ్లు మూసుకోలేదు. రాత్రి సున్నిపెంటలో భోజనాలయ్యాక, ఆకులు తీస్తున్న మా చెల్లెలితో మెల్లగా అంటున్నది వినబడింది:

"రేపు కారు ఎన్నింటికే?"