అందరికీ జీతం పెరిగింది, వాళ్లకు తప్ప

వీడియో గేమ్ టెస్టరంటే హాయిగా కూర్చుని ఆటలాడుకునే ఉద్యోగమని చాలామంది అనుకుంటారు. ఆ పని దగ్గర్నుంచి చూస్తే ఆ మాట నోట రాదు. ఆటలోని ఒకే గోడను ఈ మూల నుంచి ఆ మూల దాకా గుద్దుకుంటూ నడవాలి. దూకి, పాకి, తుపాకీ మార్చి మళ్లీ గుద్దాలి. ఎక్కడో ఒకచోట బొమ్మ గోడలోంచి అవతలికి జారిపోతుంది. ఏ మీట తర్వాత ఏ మీట నొక్కితే అలా అయిందో అప్పుడు ప్రోగ్రామర్‌కు అర్థమయ్యేలా వరసగా రాసిపెట్టాలి. విడుదల తేదీ దగ్గరపడితే రాత్రీ పగలూ ఇదే. 'క్రంచ్' అంటారు దాన్ని.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మిడిల్టన్‌లోని రావెన్ సాఫ్ట్‌వేర్‌లో 'కాల్ ఆఫ్ డ్యూటీ: వార్‌జోన్'ను పరీక్షించేవాళ్ల పని కూడా ఇదే. 2021 డిసెంబరులో వాళ్లలో 12 మందికి ఇక రానక్కర్లేదని యాజమాన్యం చెప్పేసింది. తోటి టెస్టర్లు పని ఆపి బయటికొచ్చేశారు. వారాల తరబడి సమ్మె చేశారు. 2022 జనవరిలో 'గేమ్ వర్కర్స్ అలయన్స్' పేరుతో యూనియన్ పెట్టుకున్నారు.

ఆ తర్వాత మాతృసంస్థ యాక్టివిజన్ బ్లిజార్డ్ ఏం చేసిందన్నదే నా దృష్టిలో అసలు కథ. యూనియన్ ప్రకటన వచ్చిన కొద్దిరోజులకే టెస్టర్లను తలో విభాగంలోకీ సర్దుతామంది. యూనియన్ కావాలా వద్దా అన్న ఓటు స్టూడియో అంతటికీ ఉండాలని వాదించింది. అలా జరిగితే గుప్పెడుమంది టెస్టర్ల గొంతు రెండొందల పైచిలుకు మందిలో కలిసిపోయేది. జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఒప్పుకోలేదు. ఏప్రిల్‌లో కంపెనీ సుమారు 1,100 మంది టెస్టర్లను పర్మినెంట్ చేస్తున్నామని, గంటకు కనీసం 20 డాలర్లిస్తామని ప్రకటించింది. రావెన్ వాళ్లకు మాత్రం ఆ పెంపు లేదు. యూనియన్ వ్యవహారం నడుస్తుండగా జీతాలు మార్చడం చట్టానికి విరుద్ధమన్నది కంపెనీ మాట. ఆ అక్టోబరులో బోర్డు అధికారులు ఈ మాటను నమ్మలేదు, యూనియన్ తరఫు ఫిర్యాదులో పస ఉందని తేల్చారు. పక్క స్టూడియోలో అదే పని చేసే మనిషికి జీతం పెంచి నీకు ఆపితే, అది బెదిరింపు కాక మరేమిటి?

బెదరలేదు వాళ్లు. మే 23న ఓట్లు లెక్కిస్తే యూనియన్‌కు అనుకూలంగా 19, వ్యతిరేకంగా 3.

అప్పట్లో యాక్టివిజన్‌ను కొనబోతున్న మైక్రోసాఫ్ట్ మరో దారి పట్టింది. యూనియన్లకు అడ్డుపడబోమని కార్మిక సంఘం సీడబ్ల్యూఏతో ఆ జూన్‌లోనే ఒప్పందం చేసుకుంది. అది మంచితనమొక్కటే అనుకోను. 6,870 కోట్ల డాలర్ల కొనుగోలుకు ప్రభుత్వ అనుమతులు కావలసిన సమయమది. కారణం ఏదైనా పనివాళ్లకు దారి దొరికింది. ఉద్యోగ భద్రత మాత్రం దొరకలేదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగంలో 1,900 ఉద్యోగాలు పోయాయి. రావెన్ టెస్టర్ల చేతికి తొలి ఒప్పందం వచ్చేసరికి 2025 ఆగస్టు అయింది. రెండేళ్లలో 10 శాతం జీతం పెంపు, తప్పనిసరి ఓవర్‌టైమ్‌కు హద్దులు అందులో ఉన్నాయి.

గేమ్ స్టూడియోలు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. సంఘం పెట్టుకునే హక్కు మన రాజ్యాంగం 19(1)(సి) అధికరణంలోనూ ఉంది. ఇక్కడి టెస్టర్లు రావెన్ ఒప్పందాన్ని తెప్పించుకుని, ముందుగా ఆ ఓవర్‌టైమ్ షరతులు చదవాలని నా కోరిక.