కారు చక్రపు బేరింగు

ఎద్దుబండి తోలు రైతు దూరప్రయాణమునకు బయలుదేరుటకు ముందు ఇరుసునకు కందెన పూయును. కడసీలలు గట్టిగా నున్నవో లేవో చూచుకొనును. కందెన ఎండిన బండి కిర్రుమని మొరపెట్టును. ఎద్దులకు శ్రమ హెచ్చును, ఇరుసు అరిగిపోవును. మోటారుకారునకును ఇట్టి జాగ్రత్త అవసరమే. కాని కారు చక్రము ఆధారపడి తిరుగు భాగము లోపల దాగియుండుటచే దాని సంగతి పలువురకు జ్ఞప్తికి రాదు. ఆ భాగమే బేరింగు.

బరువైన పెట్టెను నేలపై ఈడ్చుట కష్టము. దాని క్రింద గుండ్రని కర్రలు పెట్టి త్రోసినచో సులభముగా కదలును. బేరింగులోని రహస్య మింతియే. ఇరుసునకును చక్రమునకును నడుమ ఉక్కు గోళీలనో రోలర్లనో అమర్చినచో రాపిడి మిక్కిలి తగ్గును. 1794లో వేల్సులోని కార్మార్థెన్ పట్టణమునకు చెందిన ఫిలిప్ వాన్ బండి ఇరుసులందు గోళీలను వాడు పద్ధతికి పేటెంటు పొందెను. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ నగరమున ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కు గోళీలను సమపరిమాణమున సానపట్టు యంత్రమును నిర్మించెను. అమెరికాలో గుఱ్ఱపుబండ్లు తయారుచేయుచుండిన హెన్రీ టిమ్కెన్ 1898లో ఒక కొన సన్నగా నుండు రోలర్ల బేరింగునకు పేటెంటు పొందెను. పైనుండి పడు బరువును, మలుపులలో ప్రక్కనుండి కలుగు త్రోపుడును ఈ రోలర్లు భరింపగలవు. కావున ఇంజను వెనుక చక్రములను త్రిప్పు పాత కార్లు పెక్కింటిలో ముందు చక్రమునకు ఇట్టి బేరింగులు జంటగా నుండును.

60 సెంటీమీటర్ల వ్యాసముగల చక్రము, కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవునపుడు, నిమిషమునకు 500 మార్లకు మించి తిరుగును. ఆ భారమంతయు చిన్న రోలర్లపై పడుచుండును. గ్రీజు చెడినను, నీరు, దుమ్ము లోనికి చేరినను వాని నునుపు పోవును. అప్పుడు చక్రమునుండి ఒక హోరు పుట్టి, వేగముతోపాటు పెరుగును. కారు ఎడమకు మరలునపుడు బరువు కుడి చక్రముపైకి ఒరగును. అప్పుడు హోరు హెచ్చినచో దోషము సాధారణముగా కుడి బేరింగునందే యుండును. ఈ హెచ్చరికను లక్ష్యపెట్టనివారి కారు చక్రము తుదకు వేడెక్కి బిగుసుకొనిపోవచ్చును, లేదా ఊడిపోవచ్చును. ప్రయాణికులకేగాక త్రోవన నడచువారికిని అది ప్రాణాపాయము.

అనుభవముగల పెద్దలు ఈ బేరింగును ఇంటివద్దనే మార్చుకొనగలరు. మొదట కారును గట్టి చదును నేలపై నిలిపి, హాండుబ్రేకు వేసి, వెనుక చక్రములకు దిమ్మలు అడ్డుపెట్టవలెను. చక్రపు నట్లను కొంచెము సడలించి, పిదప జాకీతో కారు నెత్తి, దాని క్రింద బలమైన స్టాండు నుంచవలెను. జాకీ పైకెత్తుటకే గాని మోయుటకు కాదు. అది జారినచో క్రిందనున్న మనిషి బ్రదుకుట దుర్లభము.

చక్రమును విప్పిన పిదప బ్రేకు భాగమును తొలగించి, తీగతో పైకి కట్టవలెను. దాని గొట్టముపై బరువు వ్రేలాడరాదు. పాత బ్రేకుల దుమ్ములో ఊపిరితిత్తులకు కీడుచేయు ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక దానిని ఊదరాదు. పిమ్మట ఇరుసు చివరనున్న మూతను, నట్టు కదలకుండ గ్రుచ్చిన పిన్నును, నట్టును వరుసగా తీయవలెను. ఈ పిన్ను కారునకు కడసీల వంటిది. అంతట బయటి బేరింగు చేతికి వచ్చును. చక్రమును మోయు హబ్బును ఊడదీసి, ఆయిల్ సీలును తొలగించినచో లోపలి బేరింగు కనబడును.

హబ్బును కిరసనాయిలుతో కడిగి, చక్కగా ఆరబెట్టవలెను. రోలర్లు దొర్లు ఉక్కు కప్పులుకూడ హబ్బులో నుండును. క్రొత్త రోలర్లకు పాత కప్పులను ఉంచుట పొరపాటు. రెండును కలిపి మార్చవలెను. పాత కప్పును ఒకేచోట కొట్టక, ఎదురెదురు వైపుల మెల్లగా తట్టుచు వెలికి తీయవలెను. క్రొత్త దానిని వంకర లేకుండ అడుగంట కూర్చుండబెట్టవలెను. అరచేత గ్రీజు నుంచుకొని, రోలర్ల సందులనుండి అది రెండవ వైపునకు పొంగువరకు బేరింగును అదుమవలెను. పైపైన పూసిన గ్రీజు నిలువదు. ఆయిల్ సీలును, పిన్నును క్రొత్తవే వేయవలెను.

అన్నిటికంటె నేర్పు కావలసినది నట్టు బిగించుటయందు. ఎంత బిగించిన అంత క్షేమమని పలువురు తలతురు. అది నిజము కాదు. మితిమీరి బిగించినచో రోలర్లు వేడెక్కి మాడిపోవును. వదులైనచో చక్రము ఊగును. కావున హబ్బును త్రిప్పుచు నట్టును మోస్తరుగా బిగించి, రోలర్లు కుదురుకొన్న పిదప సడలించి, మరల వ్రేళ్లతో మాత్రమే బిగించుట సాధారణ పద్ధతి. ఆయా కారునకు తగిన కొలత దాని పుస్తకములో నుండును, దానినే పాటింపవలెను. పని ముగిసిన పిమ్మట కొంతదూరము నడిపి, హబ్బు అతిగా వేడెక్కినదేమో, చక్రపు నట్లు వదులైనవేమో చూడవలెను.

ఇంజను ముందు చక్రములను త్రిప్పు నేటి కార్లలో బేరింగు తరచుగా గట్టిగా నొక్కి బిగింపబడి యుండును. దానిని తీయుటకు ప్రెస్సు యంత్రము కావలెను. సుత్తెతో కొట్టినచో క్రొత్త బేరింగే గుంటలుపడి చెడును. అట్టిదానిని వర్క్‌షాపునకు అప్పగించుటయే వివేకము. తన చేతనైన పనిని శ్రద్ధగా చేయుట యెంత గొప్పయో, చేతకాని పనిని తెలిసినవానికి విడుచుటయు నంత గొప్ప. ఇరుసు కిర్రుమన్న వెంటనే బండి నాపి కందెన పూయు రైతు ఈ సంగతి నెఱిగినవాడే.